మన ఆదివారం కాదు

2011 మార్చి 2, బుధవారం

ఏ కారో గుర్తుపట్టి చెప్పమని పోస్టులో మూడు ఫోటోలు వచ్చాయి. మొదటిది ఆస్టిన్ సెవెన్, 1928. రెండోదాంట్లో మోరిస్ ఉంది. దాని ముందు భాగమంతా ఎవరో లావుపాటి బాబాయి వెనక దాక్కుంది, అయినా చక్రాలు చూసి చెప్పేశాను. మూడోది కారే కాదు, పాలబండి. పంపినావిడ "మా తాతగారి వింటేజ్ కారు" అని వెనక రాసింది. 1930 డిసెంబరు 31 దాటి తయారైన దేన్నీ వింటేజ్ అనకూడదని మా పాత కార్ల సంఘం పత్రికలో ఏటా రాస్తూనే ఉన్నాను. గుర్రం కట్టినదాన్ని అనకూడదని కూడా రాయాలని నాకు తోచలేదు.

నోరీన్ ఫోన్ చేసింది. తీయలేదు.

మార్చి 3

నోరీన్ మళ్ళీ చేసింది. తీయలేదు.

మార్చి 6, ఆదివారం

తీశాను. సంఘం కార్యదర్శి లెనర్డ్ అనుకుని తీశాను.

"గ్లెనిస్, ఆ ఫోటో తిరిగిచ్చెయ్," అంది మా వదిన.

"ఏ ఫోటో?"

"నా దగ్గర నాటకాలాడకు. కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చాం. క్లిఫ్‌కి చూపు మధ్యలోంచి పోతోందట. వేసవి దాటదంటున్నారు. ముందు ముఖాలు పోతాయట, చుట్టూ అంచులు మాత్రం మిగుల్తాయట. కనబడుతున్నప్పుడే మీ నాన్న ముఖం ఒకసారి చూసుకుంటానంటున్నాడు."

"పోస్టులో పంపిస్తాను."

"పోస్టులో వద్దు. నువ్వే పట్టుకుని రా. వచ్చి, ఆ రోజు నువ్వన్న మాట వెనక్కి తీసుకో."

"ఏ మాట?" అన్నాను. పెట్టేసింది.

జరిగింది ఒకసారి కాగితం మీద పెట్టుకుంటే తప్పెవరిదో నాకే తేలిపోతుంది. ఫిబ్రవరి 12న అన్నయ్య క్లిఫ్ డెబ్భయ్యో పుట్టినరోజు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పాత ఫోటోని ముందే అడిగి తెచ్చుకుని, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, పక్కన ఆ కారేదో, ఎవరిదో తెలిపే నా గుర్తింపు పత్రం అతికించి బహుమతిగా ఇచ్చాను. ఫోటో 1951 వేసవిది. టాపు దించిన నాలుగు సీట్ల సింగర్ జూనియర్, 1930, కొవెంట్రీ నంబరు, వీసీ 4187. మడ్‌గార్డు మీద చెయ్యేసి నాన్న, ఎండకి చొక్కా చేతులు మడిచి. స్టీరింగ్ దగ్గర పదేళ్ళ క్లిఫ్. అమ్మ పక్కనే నిలబడి ఉంది. అమ్మ చంకలో నల్ల శాలువలో చుట్టి నేను, మూడేళ్ళదాన్ని, ముఖం అటు తిప్పుకుని.

పత్రం పైకి చదవమన్నది నోరీనే. అది నేను మర్చిపోను. చదివాను. "యజమాని: ఎ. రడ్జ్, ఫోటోగ్రాఫర్. సముద్రతీరాల్లో జనాన్ని కూర్చోబెట్టి ఫోటోలు తీయడానికి వాడిన కారు. గట్టరిడ్జ్ కుటుంబానిది కాదు."

క్లిఫ్ కేకు కోస్తున్నాడు. "అది నాన్న కారు," అన్నాడు.

"కాదు క్లిఫ్. ఇదే నంబరుతో నన్యీటన్‌లో చెటిల్ అనేవాళ్ళింట్లో ఇంకో ఫోటో ఉంది. లైసెన్సు కాగితాల్లో రడ్జ్ అని ఉంది."

"నేనందులో తిరిగానే. నువ్వు వెనక సీటు మీద వాంతి కూడా చేసుకున్నావు."

"ఫోటో చూసీ చూసీ అదే జ్ఞాపకమనుకుంటున్నావు. ఇలాంటివాళ్ళు నా దగ్గరికి నెలకి నలుగురొస్తారు."

అతను చాకు పళ్ళెంలో పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయాడు. నేను బహుమతి చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. ఇచ్చిన బహుమతి వెనక్కెందుకు తెచ్చానని నోరీన్ అందరినీ అడుగుతోందట. బల్ల మీద కేకు మరకలవుతాయని తెచ్చాను.

చదువుకున్నాను. నా తప్పు కనబడలేదు.

మార్చి 9, బుధవారం

సంఘం సమావేశం. ఏడుగురం వచ్చాం, బిస్కెట్లు నలుగురికే ఉన్నాయి. టీ దగ్గర లెనర్డ్ అడిగాడు.

"అయితే గ్లెనిస్, ఆ రడ్జ్ అనేవాడు ఫోటోగ్రాఫరని ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేదు."

"మరి?"

"ఒకే కారు, ఏ సంబంధమూ లేని రెండు కుటుంబాలు. ఫోటోగ్రాఫర్ కాక ఇంకేమవుతాడు?"

"దొంగ కావచ్చు," అన్నాడు లెనర్డ్ ఉన్న బిస్కెట్టు నోట్లో పెట్టుకుంటూ. అతనికి భార్య పోయిన దగ్గర్నుంచి ప్రతిదీ హాస్యమే.

కాని ఒకందుకు మంచిదే అడిగాడు. తర్వాతి పత్రికలో ఆ కారు మీద పేజీ అంతా రాస్తాను. వీసీ 4187 ఉన్న ఫోటో ఎవరింట్లో ఉన్నా పంపమంటాను. మూడో కుటుంబం దొరికిందంటే క్లిఫ్ నోరు మూతపడుతుంది.

మార్చి 10

రాయడం అయిపోయింది. చెటిల్ ఫోటో, మా ఫోటో పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ మడ్‌గార్డు మీద అదే సొట్ట. రెండు ఫోటోల్లోనూ దించిన టాపు మడతల మీద తెల్లటి చుక్కలున్నాయి. కడిగినప్పుడు పడ్డ మచ్చలు. రెండింట్లోనూ ఒకే చోట పడ్డాయంటే ఫోటో కడిగినవాడూ ఒకడే. ఇదింకో రుజువు.

మార్చి 20, ఆదివారం

వాన. మొక్కల దుకాణానికి వెళ్దామని బూట్లేసుకుని, మళ్ళీ విప్పేశాను. "మన ఆదివారం కాదు," అని పైకే అన్నాను. అమ్మ మాట అది. చిన్నప్పుడు షికారుకి తీసుకెళ్ళమన్నా, ఐస్‌క్రీమన్నా, తోటకన్నా అదే జవాబు: మన ఆదివారం కాదు. చర్చికి సంబంధించిందనుకునేదాన్ని. చర్చిలో పాస్టరుగారినే అడిగాను ఒకసారి, మా ఆదివారం ఎప్పుడొస్తుందని. ఆయన అమ్మతో చాలాసేపు మాట్లాడాడు.

నోరీన్ ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 12

పత్రిక వచ్చింది. నా పేజీ బాగుంది. శీర్షిక: "అందరి కారు, ఎవరిదీ కాని కారు". క్లిఫ్‌కి ఒక ప్రతి పంపాను.

ఏప్రిల్ 15

పత్రిక తిరిగొచ్చింది. కవరు మీద నోరీన్ చేతిరాత.

ఏప్రిల్ 21, గురువారం

మూడో కుటుంబం దొరికింది! రగ్బీ ఊరి నుంచి డెస్మండ్ ఆన్లీ గారు. అదే సింగర్, అదే సొట్ట, అదే నంబరు. ఫోటో వేల్స్ కొండదారిలో తీసింది. కారు ముందు పదమూడు గొర్రెలు, మధ్యలో చేతులూపుతున్న ఒకాయన. టాపు మీద తెల్ల చుక్కలు. ఫోటోగ్రాఫర్ రడ్జ్ సీజన్లో కొండల్లోకి కూడా వెళ్ళేవాడన్నమాట. ఇది నాకు కొత్త విషయం.

గుర్తింపు పత్రం రాసి ఆన్లీ గారికి ఫోన్ చేసి చెప్పాను.

"సింగరా? అది కుట్టుమిషను కదండీ?" అన్నాడు.

"ఆ కంపెనీ వేరు, ఈ కంపెనీ వేరు. ఇంకో మాట, మీరు నొచ్చుకోకండి, ఈ కారు మీ నాన్నగారిది కాదు."

"అలాగా? మరి ఆ ఎడమ తలుపు ఊడొస్తుందని మా అమ్మ దారి పొడుగునా చేత్తో పట్టుకుని కూచునేది. ఎవరి తలుపండీ అది?"

"ఫోటోగ్రాఫరుదై ఉంటుంది."

"పాపం, ఆయనేం చేశాడో, మేం ఆయన కారేసుకుని వారం రోజులు వేల్స్‌లో ఉన్నాం," అని పెద్దగా నవ్వి పెట్టేశాడు. జనానికి నిజం చెప్తే నచ్చదు.

ఏప్రిల్ 22

గుడ్ ఫ్రైడే. ఒక బన్ను తిన్నాను. ఫోన్ మోగలేదు.

మే 4, బుధవారం

వారం రోజులు. వారం రోజులు ఏ ఫోటోగ్రాఫరూ కారివ్వడు. అద్దెకిచ్చేవాడేమో. అద్దెకైతే అద్దె కారు అవుతుంది. అయినా సొంత కారు కాదు, నేను చెప్పింది అదే.

భూతద్దం పెట్టి మా ఫోటో చూశాను. నా పని అదే అయినా ఈ ఒక్కదాన్నీ ఇంతవరకూ నంబరు కోసం, సొట్ట కోసం తప్ప చూడలేదు. నాన్న నవ్వుతున్నాడు. నవ్వేవాడని నాకు తెలీదు. ఆయన పోయేనాటికి నాకు ఆరేళ్ళు. గుర్తున్నవి రెండే: సబ్బు వాసన, మెట్ల మీద దగ్గు. క్లిఫ్‌కి పదమూడేళ్ళు. క్లిఫ్ దగ్గర ఒక పెట్టెడు నాన్న ఉన్నాడు. చేపలు పట్టిన నాన్న, బల్ల మీద చేత్తో తాళం వేసిన నాన్న, కారు నడిపిన నాన్న. ప్రతి క్రిస్మస్‌కీ పెట్టె తెరిచి ఒకటొకటీ తీసి చూపించేవాడు, నేను ఆ, ఆ అంటూ వినేదాన్ని. అసూయ. ఇంకో మాట లేదు దానికి. ఆ కారు మాది కాదని కాగితాల్లో కనబడ్డ రోజు నాకు సంతోషమేసింది. ఇప్పుడు ఇద్దరి మధ్య తేడా ఒకటి తగ్గింది అనుకున్నాను.

ఇది రాసి చించేద్దామనుకున్నాను. వెనక పేజీలో చాకలి లెక్క ఉంది, అందుకని ఉంచాను.

మే 11

నోరీన్ ఫోనులో మాట వదిలింది. "నిన్న హాల్లో నిలబడితే నన్ను చూసి, 'నోరీన్, అక్కడ వేలాడుతున్న ఆ కోటు ఎవరిదే?' అన్నాడు. నేనేనయ్యా అన్నా. నవ్వాడు, నేనూ నవ్వా. తర్వాత వంటింట్లోకెళ్ళి కూచున్నా. ఇదంతా నీకు చెప్పడం ఎందుకో నాకే తెలీదు."

రేపు వెళ్తాను.

మే 12

వెళ్ళలేదు. బస్సులు సరిగా లేవు.

మే 17, మంగళవారం

ఉత్తరం. నీలం కాగితం, వంకర అక్షరాలు. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"మిస్ గట్టరిడ్జ్ గారికి. మీ పత్రిక మా మనవరాలు చదివి వినిపించింది. మీరు రాసింది శుద్ధ తప్పు. అది మా కారు. ఆన్లీ వాళ్ళదీ, చెటిల్ వాళ్ళదీ, రడ్జ్ వాళ్ళదీ కూడా. మీరు హారస్ కూతురే అయితే మీదీనూ. గురువారం టీకి రండి. బుధవారం వద్దు, కాళ్ళ డాక్టరొస్తాడు. విన్‌ఫ్రెడ్ స్ప్రాగెట్, వయసు 91."

ముసలివాళ్ళు తికమకపడుతుంటారు.

మే 19, గురువారం

తికమకేమీ లేదు.

స్ప్రాగెట్ గారు గదంత కుర్చీలో కూర్చుని ఉన్నారు. డబ్బా చేపల శాండ్‌విచ్‌లు, జీలకర్ర కేకు. నేనింకా కోటు విప్పకముందే మొదలుపెట్టారు.

"నువ్వేనా? ముక్కు హారస్‌దే. కూచో. ఫోటోగ్రాఫరట! ఆల్ఫ్ రడ్జ్ జన్మలో కెమెరా ముట్టుకోలేదు. ఆయనా, మా ఆయనా, మీ నాన్నా, చెటిల్, ఆన్లీ, ఐదుగురూ ఒకే ఫ్యాక్టరీలో లేతు మిషన్ల మీద పని. పొద్దస్తమానం కార్ల సామాన్లు చెయ్యడం, సాయంత్రం బస్సుకోసం నిలబడ్డం. కొత్త కారు కావాలంటే ఆ రోజుల్లో ఏళ్ళకేళ్ళు వరసలో ఉండాలి, చేసినవన్నీ పరదేశాలకి పోయేవి. అందుకని ఐదుగురూ కలిసి ఒక పాత డొక్కు కొన్నారు. ఆల్ఫ్ ఒక్కడికే నడపడం వచ్చు, అందుకే కాగితాల్లో ఆల్ఫ్ పేరు. తర్వాత వీళ్ళకి నేర్పాడులే."

"ఐదుగురూ ఎలా వాడుకునేవాళ్ళండీ?"

"ఐదు ఆదివారాలు. ఒక్కోడికొకటి. వేసవి సెలవులకి ఫ్యాక్టరీ మూసేస్తే, ఎవడి ఆదివారం అయితే ఆ వారమంతా వాడిదే."

నేను శాండ్‌విచ్ పళ్ళెంలో పెట్టేశాను.

"మా అమ్మ అస్తమానం, మన ఆదివారం కాదు, అనేది," అన్నాను.

"అందరం అదే అనేవాళ్ళం. పిల్లలు ఊరుకుంటారా? కాని అసలు సంగతి పిల్లలకి కూడా చెప్పకూడదని ఒట్టు. చెప్తే వీధిలో వాగేస్తారు. సగం కారు ఉందంటేనే జనం నవ్వుతారు, ఐదో వంతు ఉందంటే ఇంకేమైనా ఉందా? అందుకని ఎవడి ఆదివారం నాడు ఆ కారు వాడిదే. గుమ్మం ముందు నిలబెట్టుకుని తుడుచుకోవచ్చు. మిగతా నలుగురూ ఎదురుపడితే ముఖం తిప్పుకోవాలి. ఒకసారి మా ఆదివారం, కుండపోత వాన. మీ నాన్న బస్టాపులో నిలబడున్నాడు, నువ్వు చంకలో. మా ఆయన హారన్ కూడా కొట్టలేదు. మీ నాన్న మా వంక చూస్తేగా! సోమవారం ఇద్దరూ కలిసే టీ తాగారు. పద్ధతంటే పద్ధతి అమ్మాయ్."

"అంత వానలోనా?"

"మరి? ఎక్కించుకుంటే అది మీది కాదని చూసినవాళ్ళకి తెలిసిపోదూ?"

చుక్కల సంగతి అడిగాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. కారు ఉంచింది ఆన్లీ బావమరిది కోళ్ళ షెడ్డులో. టాపు మీద ఉన్నది ఫోటో మచ్చలు కావు. ప్రతి ఆదివారం పొద్దున్నే గంటసేపు కడిగినా పోయేది కాదట. 1953లో వెనక ఇరుసు విరిగింది, మళ్ళీ బయటికి రాలేదు. తర్వాత కోళ్ళు వెనక సీట్లో గుడ్లు పెట్టాయట.

లేచేటప్పుడు సొరుగులోంచి నల్ల అట్ట నోటుపుస్తకం తీయించి ఇచ్చారు. "ఇది కారులోనే ఉండేది. ఎవడి వంతు వాడు అయ్యాక, కారు ఎలా ఉందో తర్వాతివాడికి రాసిపెట్టాలి. మీ నాన్న రాతా ఉంటుంది. ఇంటికెళ్ళి చదువుకో. నా ఎదుట ఏడుస్తావేమో, నాకు విసుగు."

"నేనేడవనండీ."

"హారస్ కూడా అలాగే అనేవాడు," అన్నారు.

మే 20

ఇరవై ఏళ్ళలో రాసిన గుర్తింపు పత్రాలు ఆరు వందల పైచిలుకు. తప్పు ఒక్కటి కూడా లేదనుకునేదాన్ని. ఒక్క కారు మీదే మూడు.

మే 23

చెటిల్ వాళ్ళకి, ఆన్లీ గారికి క్షమాపణ ఉత్తరాలు. "కారు మీదే. అలాగే ఇంకో నాలుగు కుటుంబాలది కూడా." ఆన్లీ గారు వెంటనే ఫోన్ చేశాడు. "ఆ గొర్రెలు కూడా పంచుకున్నారా?" అన్నాడు. మంచి మనిషి.

మూడో ఉత్తరం రాయలేదు. అది ఉత్తరంలో రాసేది కాదు.

నోటుపుస్తకం ఫోటో పక్కన సొరుగులో పెట్టాను. చదవడానికి తీరిక లేదు.

జూన్ 3

తీరిక లేదు.

జూన్ 8, బుధవారం

సంఘం. లెనర్డ్‌కి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మీ అన్నయ్యకి చెప్పావా?"

"సరైన సమయం చూసి చెప్తాను."

"అతని కళ్ళకి తెలుసా, నువ్వు సమయం చూస్తున్నావని?" అన్నాడు. తర్వాత తన బిస్కెట్టు నాకిచ్చాడు. అతను ఎవరికీ ఇవ్వడు.

జూన్ 22, బుధవారం

నోరీన్ ఫోన్. ఈసారి కోపం లేదు, అదే నాకు భయమేసింది.

"ఫోటో సంగతి ఇక వదిలెయ్ గ్లెనిస్. పట్టుకొచ్చినా లాభం లేదు. ముఖాలు పోయాయి. పొద్దున మా పెళ్ళి ఫోటో చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నాడు."

ఫోన్ పెట్టేసి సొరుగు తెరిచాను.

ఫోటో నా సొరుగులో నాలుగు నెలలుంది. వాళ్ళ ఇల్లు ఇక్కడికి రెండు బస్సుల దూరం. నా పంతానికి అతను నాన్న ముఖం మళ్ళీ చూడకుండా పోయాడు. దీనికి ఏ పత్రంలోనూ సవరణ లేదు.

జూన్ 23, గురువారం

నోటుపుస్తకం చదివాను. అన్నీ ఇలాంటివే. "చెటిల్. ఎడమ లైటు పని చేయట్లేదు, తన్నితే వెలుగుతుంది." "ఆన్లీ. గొర్రె తగిలింది. గొర్రెకేం కాలేదు." "రడ్జ్. సీటు కింద గుడ్డు పెట్టింది ఎవరి కోడి?" అన్నీ కలిపి ఐదు రకాల చేతిరాతలు. నాన్న రాత నేను ఎప్పుడూ చూడలేదు. చిన్న అక్షరాలు, పెన్సిలు గట్టిగా నొక్కి రాసినవి.

జూలై 1, 1951 పేజీ నాలుగుసార్లు చదివాను. ఇక్కడ ఎక్కించను. ముందు క్లిఫ్ వినాలి.

తర్వాత, ఇంకేం చేయాలో తోచక, లెక్క కట్టాను. 1951 జూలై 1 మాది. ఐదు వారాలకొకసారి. ఆ క్రమం ఎవరూ ఆపలేదనుకుంటే ఈ ఆదివారం, జూన్ 26 నాటికి సరిగ్గా 3130 వారాలు. ఐదుతో భాగిస్తే 626, శేషం సున్నా. రెండుసార్లు చూసుకున్నాను.

ఈ ఆదివారం మనది.

జూన్ 26, ఆదివారం

మొదటి బస్సుకే వెళ్ళాను. తలుపు తీసింది నోరీన్. నా ముఖం చూసి ఏమీ అడక్కుండా పక్కకి జరిగింది.

క్లిఫ్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. చూడాలంటే ముఖం పక్కకి తిప్పుకోవాలి, అప్పుడు అంచుల్లోంచి కాస్త కనబడుతుందట. గోడవైపు తిరిగి నన్ను చూశాడు.

"ఎవరది?"

"గ్లెనిస్‌ని."

"ఏ గ్లెనిస్? ఆ ఫోటోగ్రాఫరు తాలూకా?"

"తప్పు నాది క్లిఫ్," అన్నాను. బస్సులో ఇంకా పొడుగ్గా తయారు చేసుకున్నాను, అంతే వచ్చింది. "కారు నాన్నదే. ఐదో వంతు. ఫోటో నీకు టైముకి ఇవ్వలేదు. అదీ నా తప్పే."

ఐదుగురి సంగతి, ఆదివారాల సంగతి, కోళ్ళ సంగతి చెప్పాను. మన ఆదివారం కాదు అనే మాట దగ్గర "ఓరి దేవుడా" అన్నాడు. నోరీన్ టీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఇందులో నాన్న రాసింది ఉంది. చదవనా?"

"చదువు."

చదివాను. "జూలై 1. గట్టరిడ్జ్. బార్మత్ దాకా వెళ్ళొచ్చాం. ఇంజను బాగుంది. తిరుగుదారిలో పాప వెనక సీటు మీద వాంతి చేసుకుంది. రెండుసార్లు కడిగాం, వాసన పూర్తిగా పోలేదు. స్ప్రాగెట్ కుటుంబం క్షమించాలి. పాప తప్పేమీ లేదు, నేనే మలుపుల్లో తొందరపడ్డాను. హెచ్.జి."

"మళ్ళీ చదువు," అన్నాడు క్లిఫ్.

చదివాను. మూడోసారి కూడా చదవమన్నాడు. మూడోసారి "పాప తప్పేమీ లేదు" దగ్గర ఆగిపోయాను. నోరీన్ నా భుజం మీద చెయ్యేసి ఆ వాక్యం తనే చదివింది.

క్లిఫ్ నవ్వడం మొదలుపెట్టాడు. "చెప్పానా? నా డెబ్భయ్యో పుట్టినరోజు కేకు ముందు నిలబడి లేదంది! వాసన పోలేదని నాన్నే రాశాడు!"

"తర్వాత నాన్న ఏం చేశాడు?" అని అడిగాను. అరవై ఏళ్ళలో క్లిఫ్‌ని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదేనేమో. ఎప్పుడూ అతను చెప్పడమే, నేను అడిగింది లేదు.

"ఏం చేస్తాడు? కారాపాడు. నీ గౌను పాడైపోయింది కదా, విప్పేసి, తన కోటు తీసి నీకు చుట్టాడు. రోడ్డు పక్కన నిన్నెత్తుకుని అటూ ఇటూ నడిచాడు, అరగంటసేపు. నాకు ఆకలేస్తోందని ఏడుస్తున్నా పట్టించుకోలేదు. నువ్వు ఊరుకున్నాకే అమ్మకిచ్చాడు. అప్పుడే దారిన పోయే ఎవరో కెమెరా ఉన్నాయన కనబడితే, ఒకటి తీయండి సార్ అని అడిగాడు. అమ్మ తిట్టింది. ఆదివారం పూట కోటు లేకుండా ఫోటో ఏంటి, జనం ఏమనుకుంటారని."

సంచిలోంచి ఫోటో తీశాను, భూతద్దం తీశాను. నాన్న వట్టి చొక్కాతో, చేతులు మడిచి ఉన్నాడు. ఎండ అని రాశాను నేను. మా వీధి మగవాళ్ళు ఆదివారం కోటు లేకుండా గుమ్మం కూడా దాటేవాళ్ళు కారని నాకు తెలుసు, అయినా ఎండ అనే రాశాను. అమ్మ చంకలో నల్ల శాలువ. శాలువకి బొత్తాలున్నాయి. పెద్దవి, మూడు. మగవాళ్ళ కోటు బొత్తాలు.

"క్లిఫ్, ఫోటోలో నాన్న మీద కోటు లేదు," అన్నాను.

"తెలుసు. నీ మీదుంది," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. స్ప్రాగెట్ గారి దగ్గర ఏడవనన్నాను గాని ఇది వేరే ఇల్లు. క్లిఫ్ ఫోటో చేతికిమ్మన్నాడు. ముఖం గోడవైపు తిప్పి, ఫోటో దూరంగా పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఏం కనబడుతోందని అడిగాను. అంచులు, అన్నాడు, మడ్‌గార్డు, నాన్న మోచెయ్యి, ఒక చక్రం. నాన్న నవ్వుతున్నాడా అని అడిగాడు. నవ్వుతున్నాడని చెప్పాను. ఎంత అని అడిగాడు. పళ్ళు కనబడేంత, అన్నాను. నాలుగు నెలల ముందయితే అతనే చూసుకునేవాడు. ఇప్పుడు నేను చెప్పాలి, ఇకమీదట ఎప్పుడూ నేనే చెప్పాలి.

పాత గుర్తింపు పత్రం ఫ్రేములోంచి పీకేసి, కొత్తది అక్కడే వాళ్ళ బల్ల మీద రాశాను. సింగర్ జూనియర్, 1930, వింటేజే. యజమానులు ఐదుగురు. నడిపినవారు: హెచ్. గట్టరిడ్జ్. ప్రయాణికులు: ఐవీ, క్లిఫర్డ్, గ్లెనిస్. నోరీన్ దాన్ని చదివి గోడకి తగిలించింది, కొంచెం వంకరగా. నేను సరిచేయలేదు.

బస్సుకి లేస్తుంటే క్లిఫ్ అడిగాడు.

"మళ్ళీ మన ఆదివారం ఎప్పుడు?"

"జూలై 31."

"అంతవరకూ రావా?"

"వరస ప్రకారం వచ్చే వారం స్ప్రాగెట్ వాళ్ళది."

"ఇద్దరమూ ముఖం తిప్పుకుని కూచుందాంలే," అన్నాడు, "వచ్చెయ్."